ఫాంటసీ పిచ్చి ఉంటే ఫిక్షన్ ఎడిటర్ అయిపోవచ్చా?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి ఫాంటసీ నవలలంటే ప్రాణం. ఫ్రీలాన్స్ ఫిక్షన్ ఎడిటర్‌గా పనిచేయాలని ఉంది. ఏ డిగ్రీ కావాలి? ఈ ఫాంటసీ చదువు దేనికైనా పనికొస్తుందా? ఈ పనిలో ఉన్నవాళ్ళు మీ నేపథ్యం చెబుతారా?

జవాబు:

పనికొస్తుంది. ఇంకా గట్టిగా చెప్పమంటే, ఈ పనికి అదొక్కటే పనికొస్తుంది. అయితే ఎన్ని పుస్తకాలు చదివారన్నది లెక్క కాదు, చదివేటప్పుడు పుస్తకంతో పోట్లాడారా లేదా అన్నది లెక్క. పోట్లాడకుండా మూడొందల నవలలు చదివినవాళ్ళు ఉంటారు. వాళ్ళంటే నాకు గౌరవమే కానీ, నేనే ఒక నవల రాస్తే మాత్రం వాళ్ళ చేతికివ్వను.

నా నేపథ్యం చెప్పుకోదగ్గదేం కాదు. తొమ్మిదేళ్ళు ఒక కంపెనీలో యంత్రాలకి యూజర్ మాన్యువల్స్ రాశాను. "మీట నొక్కండి. పచ్చ దీపం వెలిగేదాకా ఆగండి. వెలగకపోతే 14వ పేజీ చూడండి." పగలంతా ఇదీ వరస. రాత్రి అయ్యేసరికి మాంత్రికులు, డ్రాగన్లు, కోట గోడ దూకి పారిపోయిన రాకుమార్తెలు. ఆఫీసులో ఈ సంగతి బయటపెట్టేదాన్ని కాదు. ముప్పై దాటిన మనిషి ఫాంటసీ చదువుతోందంటే "పిల్లల పుస్తకాలా?" అని ఒక నవ్వు నవ్వుతారు చూడండి, ఆ నవ్వు భరించడం నావల్ల కాదు. అదే మనిషి సాయంత్రం టీవీ ముందు కూర్చుని, పోయిన వారం చచ్చిపోయిన హీరో మూడోసారి బతికి రావడం చూస్తాడు. అది మాత్రం పెద్దవాళ్ళ వ్యవహారం!

నాకు ఎడిటింగ్ నేర్పింది ఏ కోర్సూ కాదు, ఒక చిరిగిపోయిన సంపుటం. మా ఇంట్లో పాత చందమామలు బైండు చేసి ఉండేవి. ఒక సంపుటంలో మధ్యలో ఒక నెల సంచిక లేదు. అప్పుడు ఏదో మాంత్రికుడి సీరియల్ నడుస్తోంది. ముందు నెలలో వీరుడు కొండ అంచున వేలాడుతుంటాడు. తర్వాత ఉన్న సంచికలో గుహలో కూర్చుని ఎవరో ముసలాయనతో తాపీగా మాట్లాడుతుంటాడు. మధ్యలో ఏమైంది? భాగం మొదట్లో, జరిగిన కథ అంటూ నాలుగు లైన్లు ఉండేవి కదా, అవే దిక్కు. ఆ నాలుగు లైన్లూ యాభైసార్లు చదివి, పోయిన భాగాన్ని నోటుపుస్తకంలో నేనే రాయడానికి కూర్చున్నాను. ఒక పేజీలో అయిపోయింది! పత్రికలో ఆరేడు పేజీలు వచ్చే భాగం నా చేతిలో ఒక్క పేజీకే ఎందుకు ఉడిగిపోయిందో పదేళ్ళ పిల్లకి అర్థం కాలేదు. చాలా రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తోచింది ఏమిటంటే, నేను ఆ నాలుగు లైన్లనే సాగదీశాను. వాటిలో పట్టనిదేదో ఉంది, అదే కథ. తాడు తెగుతుంటే వాడికి ఏం గుర్తొచ్చింది, పక్షి రెక్క ఏ వాసన వేసింది, ఇలాంటివి.

ఇప్పటికీ కథనిర్మాణం చూసేటప్పుడు అదే చేస్తాను. ప్రతి అధ్యాయానికీ నాలుగు లైన్ల జరిగిన కథ రాసుకుంటాను. ఆ నాలుగు లైన్లు చదివాక అధ్యాయం చదవకపోయినా నష్టం లేదనిపిస్తే ఆ అధ్యాయానికి జబ్బు చేసినట్టే. ఆ సీరియల్స్‌లో తోకచుక్క లాంటివి రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు నేను పెద్దయ్యాకే విన్నాను. అంతకాలం వాటిని ఎవరో మనిషి కూర్చుని రాశాడన్న ఊహే లేదు నాకు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రిక పని చూశారు. ఆ తేట తెలుగు వెనక ఎంత కొట్టివేత, ఎంత తిరగరాత ఉండి ఉంటుందో ఈ పనిలోకి వచ్చాక గానీ నాకు తెలిసిరాలేదు.

చందమామ అంటే గుర్తొచ్చింది, నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో అందరికంటే ఎక్కువ కష్టాలు పడేది చంద్రుడే. సోమవారం నాడు పున్నమి వెన్నెల్లో కోట మీద దాడి జరుగుతుంది. తొమ్మిది రోజులు గడిచాక హీరో మళ్ళీ పున్నమి వెన్నెల్లోనే తప్పించుకుంటాడు. పున్నమికీ పున్నమికీ ఇరవై తొమ్మిదిన్నర రోజులుంటాయండీ! ఇంకొకాయన విదియ నెలవంకని అర్ధరాత్రి తూర్పు కొండ మీద ఉదయింపజేశారు. అది పొద్దుగూకాక పడమట కాసేపు కనపడి దిగిపోయే సరుకు. కామెంట్ పెడితే "ఫాంటసీయే కదా మేడం, ఏమైనా జరగొచ్చు" అన్నారు. ఈ ఒక్క మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. మామూలు నవలలో ఏదైనా జరగొచ్చు, ఎందుకంటే లోకం ఎలా నడుస్తుందో పాఠకుడికి ముందే తెలుసు. ఫాంటసీలో రచయిత చెప్పిందే పాఠకుడికి తెలిసిన లోకం. అందులో ఒక దూలం వంగితే ఇల్లంతా అనుమానమే. రెండు చంద్రుళ్ళు పెట్టుకోండి, ఆకుపచ్చ చంద్రుణ్ణి పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. తిథులు మాత్రం లెక్కకి రావాలి.

నా చాదస్తం అనుకుంటారేమో. ఇంగ్లీషు ఫాంటసీ రచయిత టోల్కీన్ 1944లో తన కొడుక్కి రాసిన ఒక ఉత్తరంలో ఇదే గోడు వెళ్ళబోసుకున్నాడు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాస్తూ రాస్తూ చూసుకుంటే చంద్రుడు దేశంలో ఒక మూల ఉదయిస్తూ అదే సమయానికి ఇంకో మూల అస్తమిస్తున్నాడట. అధ్యాయాలు వెనక్కి వెళ్ళి మరీ సరిచేసుకున్నాడు. గుర్రాల సంగతి ఇంకా ఘోరం. గుర్రం దౌడు తీస్తే గంటకి నలభై కిలోమీటర్లు దాటుతుంది, నిజమే, కానీ అది కొద్ది కిలోమీటర్లే. రోజంతా నడిపిస్తే యాభై దాటించడం కష్టం. మన నవలల్లో గుర్రాలు రాత్రంతా దౌడు తీసి తెల్లారాక నీళ్ళు కూడా అడగవు. గుర్రం కాదు, మోటారు సైకిలు అది.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు.

మాన్యువల్స్ ఉద్యోగంలో ఉండగానే, తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఫాంటసీ నవల నా దగ్గరికి వచ్చింది. డబ్బు తీసుకుని చేసిన మొదటి పెద్ద పని. రచయిత నాకంటే పెద్దాయన, ఆయనకదే మొదటి నవల. ముప్పై నాలుగు అధ్యాయాలు. అందులో అడవి జనం ఉంటారు, వాళ్ళ అడవి మీద ఒక రాజు కన్నేస్తాడు. మూడో అధ్యాయంలో ఒక ముసలావిడని సైనికులు పట్టుకుని చేతులు కట్టేస్తారు. ఆవిడ తనను కట్టేసిన సైనికుడితో అంటుంది: "మనకి దాహంగా ఉంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. దాహం ఆవిడకి, సైనికుడికి కాదు కదా. 'మనకి' ఏమిటి? 'నాకు' అని దిద్దాను. రెండు పేజీల తర్వాత ఒక కుర్రాడు ఎప్పుడూ చూడని బాటసారితో "మన పడవ అవతలి ఒడ్డున ఉంది" అంటాడు. 'మా పడవ' అని దిద్దాను. ఇంకా ముందుకెళ్తే అడవి జనం అందరిదీ ఇదే వరస. మేము అంటే వింటున్నవాడు బయట, మనం అంటే వింటున్నవాడూ లోపలే. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకటే మాట ఉంది కాబట్టి వాళ్ళకి ఈ తంటా లేదు. మనకేమో బడికెళ్ళని పిల్లలు కూడా ఇందులో పొరపడరు. ఇంత పెద్ద నవల రాసిన మనిషికి ఇది తెలియదా అనుకున్నాను. మార్జిన్లో కామెంట్ కూడా పెట్టాను: "సర్వనామ దోషం. గమనించగలరు." ఆ 'గమనించగలరు' ఇప్పటికీ అర్ధరాత్రి గుర్తొచ్చి ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

ఒక్కొక్కటీ దిద్దడం విసుగు పుట్టి ఫైండ్ అండ్ రీప్లేస్‌కి దిగాను. 'మన' ఉన్నచోటల్లా 'మా' పెట్టమన్నాను. కంప్యూటర్‌కి తెలుగు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పట్టదు కదా, అక్షరాలు కనపడితే చాలు. మనసు మాసు అయింది. మనవరాలు మావరాలు అయింది. మనిషిలో న పోయి, దాని నెత్తినున్న గుడి గాల్లో వేలాడింది. ముసలావిడ మావరాలిని గుండెకి హత్తుకుని మాసులో ఏడుస్తోంది. కాసేపు నవ్వుకుని, అన్నీ వెనక్కి తిప్పి, చేత్తోనే ఒక్కొక్కటిగా దిద్దాను. ఇరవై అధ్యాయాల్లో నూట డెబ్బైకి పైగా వచ్చాయి. నడుం పట్టేసింది. కానీ పని చేశానన్న తృప్తి ఉంది చూశారూ, దాని ముందు నడుం ఎంత! ఆ ఇరవై అధ్యాయాలూ ఆయనకి పంపుతూ "సర్వనామాల విషయంలో కొంచెం శ్రద్ధ వహిస్తే బాగుంటుంది" అని ఒక ముక్క కూడా రాశాను.

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజు ఫోన్ చేశారు.

"మేడం, ఇరవై ఏడో అధ్యాయం చదివారా?"

"లేదు సార్, ఇంకా అక్కడికి రాలేదు."

"చదివి ఫోన్ చెయ్యండి" అని పెట్టేశారు. కోపం లేదు గొంతులో. దానికి ఇంకా భయం వేసింది.

ఇరవై ఏడో అధ్యాయంలో అడవి తగలబడిపోయి ఉంటుంది. మిగిలినవాళ్ళు ఏటి ఒడ్డున చేరతారు. సేనాపతి వచ్చి, జరిగిందేదో జరిగింది, రాజుగారు భూములిస్తారు, అందరం కలిసి ఉందాం అంటాడు. పక్కన దుబాసీ ఉంటాడు, పన్నెండేళ్ళుగా ఆ జనంతో తిరిగినవాడు. ముసలావిడ లేచి నిలబడి, పిల్లల్ని చూసి, సేనాపతిని చూసి, రెండు ముక్కలు అంటుంది: "మేము వెళ్తాం." దుబాసీ నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు, తర్జుమా చెయ్యలేడు. ఎందుకంటే ఆ జనం భాషలో అలాంటి మాట లేదు. నేను లేదు, మేము లేదు. చేతులు కట్టేసినవాడితో మాట్లాడినా మనమే. ఎదుటివాణ్ణి బయట నిలబెట్టే మాట వాళ్ళకి ఆ పూటే పుట్టింది.

నవలంతా ఆ ఒక్క మాట కోసం రాశారు ఆయన. నేను దాన్ని మూడో అధ్యాయం నుంచే ఊళ్ళో అందరికీ పంచిపెట్టేశాను.

ఆ రాత్రి నేను లేవలేదు కుర్చీలోంచి. తెల్లారాక ఫోన్ చేశాను. "చదివాను సార్. అన్నీ వెనక్కి మార్చేస్తాను" అన్నాను. ఆయన "రెండు చోట్ల మీరు దిద్దింది కరెక్టే మేడం, అక్కడ మాట్లాడేది రాజు మనుషులు. నేనే అలవాటులో రాసేశాను. అవి ఉంచండి" అన్నారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. మొదటే ఒక మాట చెప్పి ఉంటే పోయేది కదా సార్ అన్నాను, సిగ్గు లేకుండా. "చెప్పేస్తే ఇక చదవడమెందుకు" అన్నారు.

దిద్దుబాట్లని గుర్తుపెట్టే ట్రాక్ ఛేంజెస్‌లో అన్నీ ఒక్క దెబ్బకి రిజెక్ట్ కొట్టే వీలుంది. కానీ కొడితే నిజమైన అచ్చుతప్పులు దిద్దినవి కూడా ఎగిరిపోతాయి. అందుకని మళ్ళీ ఒక్కొక్కటిగా, రెండు రాత్రులు. ఆ రోజు నుంచి నాకొక నియమం: మొదటిసారి చివరి పేజీదాకా చదివేటప్పుడు చేతిలో పెన్ను ఉండదు, ఫైలు మార్చడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటుంది. "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగేవాళ్ళకి మొదలుపెట్టాను అనే చెబుతాను.

ఇలాంటి పని నేనొక్కదాన్నే చేయలేదని తర్వాత తెలిసి కొంచెం ఊపిరాడింది. ఇంగ్లీషులో మరుగుజ్జుకి బహువచనం డిక్షనరీ ప్రకారం డ్వార్ఫ్స్. టోల్కీన్ 1937లో వచ్చిన హాబిట్‌లో కావాలనే డ్వార్వ్స్ అని రాశాడు, తన మరుగుజ్జులు వేరే జాతి కాబట్టి. 1954లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అచ్చుకి వెళ్తే ప్రెస్సువాళ్ళు వాటిని శ్రద్ధగా డ్వార్ఫ్స్ అని దిద్దారు. వెనక్కి మార్పించడానికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ 1961లో హాబిట్ పేపర్‌బ్యాక్ వచ్చినప్పుడూ అదే కథ. తమాషా ఏమిటంటే, ఆయన 1919-20ల్లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తయారీలో పనిచేసిన మనిషి. ఆయనకి డిక్షనరీ చూపించి దిద్దారు! ఆ దిద్దినాయన ఎవరో గానీ ఆయన మీద నాకు కోపం లేదు, చుట్టరికమే ఉంది.

ఇప్పుడు కొన్ని ఫిర్యాదులు. అడగలేదని తెలుసు, అయినా చెబుతాను.

ఒకటి, భాష. అమెరికన్ ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1973లో రాసిన ఒక వ్యాసంలో ఫాంటసీ నవలలోంచి ఒక సంభాషణ తీసుకుని, నాలుగు పేర్లు మార్చి, వాషింగ్టన్ రాజకీయ నాయకుల సంభాషణగా చూపించింది. ఎక్కడా అతుకు కనపడదు. అంటే అది మొదటినుంచీ ఫాంటసీ కాదు, వేషం వేసుకున్న ఆఫీసు. ఈ పరీక్ష మన రాతప్రతుల మీద పెట్టి చూడండి. రాక్షసుడు యువరాణిని ఎత్తుకుపోతే రాజుగారు "తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం" చేస్తారు. రాక్షసుడు "పరారీలో" ఉంటాడు. మంత్రి "పరిస్థితిని సమీక్షిస్తారు". పేపరు చదివి చదివి చేతికి అంటుకున్న తెలుగు ఇది. దీన్ని దిద్దమంటే కొందరు రెండో కొసకి పోయి "ఓయీ! నిలువుము!" మొదలుపెడతారు. ముసలావిడ "మనకి దాహంగా ఉంది" అన్నప్పుడు అందులో పేపరూ లేదు, పద్యమూ లేదు. నాలుగు మామూలు మాటల్లోంచి ఎక్కడా లేని ఒక దేశం లేచి నిలబడింది.

రెండు, పేర్లు. ఒత్తులు ఎన్ని ఉంటే అంత ప్రాచీనం అనుకుంటారు. విలన్ పేరు బయటికి మూడుసార్లు గబగబా పలకండి. మీకే నోరు తిరగకపోతే వాడికి భయపడేదెవరు?

మూడు, "చిన్న చిన్న తప్పులేనండీ, ఒక్కసారి అలా కళ్ళతో చూసేస్తే చాలు" అనేవాళ్ళు. కథ నడక చూడటం ఒక పని, వాక్యాలు చూడటం ఒక పని, పొంతన కుదిరిందా లేదా అని చూడటం ఒక పని, చివర అచ్చుతప్పులు చూడటం ఇంకో పని. నాలుగింటికీ నాలుగుసార్లు చదవాలి. మొదటి పనిలోనే అధ్యాయం మొత్తం లేచిపోయేట్టు ఉంటే, అందులో కామాలు దిద్ది ఏం లాభం? ఇల్లు కూలగొట్టే ముందు రోజు సున్నం వేసినట్టు.

నాలుగు, సృష్టి ఎలా మొదలైందో చెప్పే ప్రోలాగ్‌లు. వీటి గురించి రాస్తే ఈ జవాబు అవదు.

మీ విషయానికొస్తే, రేపే మొదలుపెట్టండి. మీకు బాగా నచ్చిన ఫాంటసీ నవల తీసుకుని దానికి స్టైల్ షీట్ తయారు చెయ్యండి. ప్రతి పేరు స్పెల్లింగు, ఎవరి కళ్ళు ఏ రంగు, ఎవరికి ఏ చేతివాటం, ఏ రోజు ఏ తిథి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని రోజులు, మంత్రం వేస్తే ఎవరు ఏం పోగొట్టుకుంటారు, అన్నీ రాయండి. నాలుగో రోజుకి విసుగొస్తే మీరు మంచి పాఠకులు, ఆ ఆనందం చెడగొట్టుకోకండి. రాత్రి రెండింటికి "కత్తి ఎడమ చేతిలోకి ఎప్పుడొచ్చింది?" అని లేచి కూర్చుంటే ఈ పని మీదే. ఆ తర్వాత కొత్త రచయితలకి పది పేజీలు శాంపిల్ చేసి చూపించండి. శాంపిల్ ఇవ్వకుండా నవల మొత్తం ఒప్పుకోవద్దు, వాళ్ళకీ మీకూ మంచిది కాదు.

డిగ్రీ అడిగారు కదా, మర్చేపోయాను. 1936లో హాబిట్ రాతప్రతి పబ్లిషర్ దగ్గరికి వస్తే ఆయన దాన్ని చదవమని తన కొడుకు చేతికిచ్చాడు. రేనర్ అన్విన్, వయసు పదేళ్ళు, ప్రతిఫలం ఒక షిల్లింగ్. వాడు బాగుందని రాసిచ్చాడు, వీళ్ళు అచ్చు వేశారు. నాది కామర్స్.